చిన్న ముక్కల మధ్య రాగి ఉంగరాలు: ఒక హైదరాబాదీ రేడియో పనితనం

మైక్రో బిట్‌ఎక్స్ రేడియో బోర్డును బల్ల మీద పెట్టి, లైటు వేసి, భూతద్దంలో చూడండి. నువ్వుగింజంత కెపాసిటర్లు, రెసిస్టర్లు వరసలు తీరి ఉంటాయి. మెషీను పెట్టినవి కాబట్టి ఒక్కటీ వంకరపోదు. వాటి పక్కనే, అదే బోర్డు మీద, రాగి తీగ చుట్టిన చిన్న ఉంగరాలు నిలబడి ఉంటాయి. చుట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. అవి మనుషులు చేత్తో చుట్టినవి.

కాయిల్స్ కూడా చిప్పులుగా మారి, రీళ్లకు రీళ్లు దొరుకుతున్న కాలం ఇది. ఉంగరం చుట్టాలంటే మనిషి కావాలి, సమయం కావాలి, చుట్లు తప్పకుండా లెక్కపెట్టే ఓపిక కావాలి. అయినా వాటిని ఉంచారంటే కారణం ఉంది. ఈ బోర్డు గీసినాయనకు ఏ భాగాన్ని కుదించాలో ఎంత బాగా తెలుసో, దేన్ని కుదించకూడదో కూడా అంత బాగా తెలుసు. నాకు ఈ రేడియో మీద గౌరవం కలిగింది అక్కడే.

ఆయన అష్‌హర్ ఫర్హాన్, హైదరాబాద్ వాసి. లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపే హ్యామ్‌ల లోకంలో వీయూ2ఈఎస్‌ఈ అనే కాల్‌సైన్‌తో ఎక్కువమందికి తెలుసు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో 2010లో తలుపులు తెరిచిన లామకాన్ సాంస్కృతిక కేంద్రం వ్యవస్థాపకుల్లో ఆయనొకరు. నాటకాలకు, సినిమా ప్రదర్శనలకు, చర్చలకు అక్కడికి వెళ్లేవాళ్లలో చాలామందికి ఆయన రేడియోల సంగతి తెలియదు. అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో హ్యామ్‌లను అడిగితే మాత్రం బిట్‌ఎక్స్ పేరు వెంటనే గుర్తుపడతారు.

మా రహమత్ నగర్ వాళ్లకు వైర్‌లెస్ సెట్టు కొత్త వస్తువేమీ కాదు. ఓ పక్క కృష్ణానగర్, ఇంకో పక్క యూసుఫ్‌గూడ, గుట్ట ఎక్కితే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. షూటింగు యూనిట్లలో అసిస్టెంట్ డైరెక్టర్ల నడుముకు వాకీటాకీ వేలాడుతూనే ఉంటుంది. సౌండు వాళ్ల దగ్గర కాలర్ మైకుల ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి. ఇక సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో కుర్రాళ్లు మైక్రోస్కోపు కింద ట్వీజర్లు పట్టుకుని పాడైన కెపాసిటర్‌ను లేపేసి, హాట్ ఎయిర్ గన్‌తో కొత్తది కూర్చోబెడతారు. మిల్లీమీటరు కూడా లేని ముక్క ఆ గాలికి ఎగిరిపోకుండా కుదురుగా కూర్చోవాలి. ఆ చేతి నిలకడ చూసి తీరాలి. కాబట్టి అతిచిన్న సామానుతో పని అంటే మా వాడకు అలవాటైన విద్యే. ఒక వాకీటాకీ మూత విప్పి యాంటెన్నా దగ్గర చూసినా, చుట్టిన కాయిల్స్ ఇంకా ఎందుకన్న ప్రశ్నే ఎదురవుతుంది. అన్నీ చిప్పులే ఉన్న బోర్డులో అక్కడ మాత్రం రాగి తీగతో చుట్టిన రెండు మూడు గాలి కాయిల్స్ కనిపిస్తాయి.

రేడియోలో ట్రాన్సిస్టర్లకు, ఐసీలకు దక్కే పేరు ఈ ప్యాసివ్ భాగాలకు దక్కదు. రెసిస్టర్, కెపాసిటర్, కాయిల్, క్వార్ట్జ్ క్రిస్టల్ సిగ్నల్‌ను పెంచేవి కావు. కానీ ఏ స్టేషను వినపడాలి, ఏది వినపడకూడదు, మనం పంపే సిగ్నల్ పక్కవాడి బ్యాండులోకి చొరబడుతుందా లేదా అన్నది తేల్చేవి అవే. ట్రాన్సిస్టర్ మారిస్తే రేడియో కాస్త బిగ్గరగానో నెమ్మదిగానో పలుకుతుంది. ఫిల్టర్‌లో కాయిల్ తప్పితే అది రేడియోగానే పనికిరాదు.

బిట్‌ఎక్స్ కథ 2003 ప్రాంతంలో మొదలైంది. మన దేశంలో హ్యామ్ లైసెన్సు ఉన్నవాళ్లకు అప్పటి పెద్ద ఇబ్బంది రేడియో సెట్టే. జపాన్ సెట్లు దిగుమతి చేసుకోవాలి, వాటి ధర మామూలు ఉద్యోగికి అందదు. ఇక్కడి మామూలు దుకాణాల్లో దొరికే వస్తువులతోనే పూర్తి ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) ట్రాన్స్‌సీవర్, అంటే వినడానికీ పంపడానికీ పనికొచ్చే సెట్టు, కట్టవచ్చని ఫర్హాన్ చూపించారు. 14 మెగాహెర్ట్జ్ మీద 6 వాట్లతో మాట్లాడే ఆ సెట్టు పేరు బిట్‌ఎక్స్20. అందులో కాయిల్స్ చుట్టడానికి ఆయన వాడింది నీళ్ల కుళాయిలో వేసే నైలాన్ వాషర్లు. హార్డ్‌వేర్ దుకాణంలో చిల్లరకు దొరికే వాషర్ గుండ్రంగా ఉంటుంది, మధ్యలో బెజ్జం ఉంటుంది. కాయిల్‌కు కావాల్సింది అదే. ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బాలన్‌లలోని ఫెర్రైట్ కోర్లు వాడుకున్నారు. ప్రతి భాగం చేయాల్సిన పని ఏమిటో మూలానికి వెళ్లి ఆలోచించిన మనిషికే వాషర్‌లో కాయిల్ కనిపిస్తుంది.

ఆ సర్క్యూట్‌లో ఇంకో అందమైన సంగతి ఉంది. సాధారణంగా ట్రాన్స్‌సీవర్‌లో వినడానికి ఒక దారి, పంపడానికి ఒక దారి ఉంటాయి. ఖరీదైన ఫిల్టర్‌ను మాత్రం ఒకటే పెట్టి, స్విచ్చులతో అటూ ఇటూ మళ్లిస్తారు. ఫర్హాన్ ఆ చిక్కంతా తీసేశారు. రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురుగా పెట్టి, ఏ వైపు దానికి కరెంటు ఇస్తే సిగ్నల్ ఆ వైపు నడిచేలా యాంప్లిఫయర్ కట్టారు. డయోడ్ మిక్సరూ క్రిస్టల్ ఫిల్టరూ ఎటూ రెండు వైపులా పనిచేసేవే. దాంతో అవే కాయిల్స్, అవే కెపాసిటర్లు, అవే క్రిస్టల్స్ వినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ పని చేస్తాయి. బటన్ నొక్కగానే సిగ్నల్ వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. విడిభాగాన్ని చిన్నది చేయడానికి లోకమంతా అవస్థ పడుతుంటే, అసలు ఆ భాగం అక్కర లేకుండా చేయడం ఇంకో మెట్టు పైమాట.

2016లో బిట్‌ఎక్స్40 వచ్చింది. ఇది 7 మెగాహెర్ట్జ్ బోర్డు, అమర్చి, పరీక్షించి పంపేది. తరవాత డిజిటల్ ట్యూనింగ్ బోర్డుతో కలిపి 59 డాలర్లకు అమ్మారు. కుళాయి వాషర్లు పోయి ఎస్‌ఎండీ భాగాలు వచ్చాయి. బోర్డుకు బెజ్జం వేసి కాళ్లు దూర్చే పాత పద్ధతికి బదులు, నేరుగా రాగి పొర మీద టంకం పెట్టి అతికించే ముక్కలను ఎస్‌ఎండీ అంటారు. వాటికి కొలతే పేరు. 0805 అంటే 2 మిల్లీమీటర్ల పొడవు, 1.25 వెడల్పు. 0603 అంటే 1.6, 0.8. ఫోన్లలో కనిపించే 0201 అయితే 0.6 పొడవు, 0.3 వెడల్పు మాత్రమే.

ఈ ముక్కలు చోటు మిగులుస్తాయి, మెషీను అతికిస్తుంది కాబట్టి ధర తగ్గుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. రేడియో మనిషికి ఇంకో లాభం ఉంది. కెపాసిటర్ కాలు కూడా ఒక తీగే, తీగ అన్నాక దానికి ఇండక్టెన్స్ ఉంటుంది. మిల్లీమీటరుకు దాదాపు ఒక నానోహెన్రీ అనుకోవచ్చు. పాత డిస్కు కెపాసిటర్‌కు చెరో 5 మిల్లీమీటర్ల కాళ్లు మిగిల్చి టంకం పెట్టామంటే 10 నానోహెన్రీల కాయిల్‌ను మనకు తెలియకుండానే దానితో వరసగా కలిపినట్టు. 100 నానోఫారడ్ కెపాసిటర్ ఆ కాళ్లతో 5 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్‌కు వస్తుంది. అంతకు పైన అది పేరుకు కెపాసిటర్, పనికి కాయిల్. 28 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను భూమికి దించాల్సింది పోయి దాదాపు 1.7 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. అదే విలువ ఎస్‌ఎండీ ముక్కలో ఆ ఇండక్టెన్స్ ఒక నానోహెన్రీ దగ్గరే ఆగుతుంది, అడ్డు పదో వంతుకన్నా కిందికి పడిపోతుంది. ఇక్కడ చిన్నది కావడమే మెరుగు. పాత సెట్లలో ఎందుకు వస్తుందో తెలియని కూత, తనంతట తాను ఊగే యాంప్లిఫయర్, చెయ్యి దగ్గరికి తెస్తే మారిపోయే స్వరం చాలావరకు ఈ కాళ్ల పుణ్యమే.

అయితే చిన్న కెపాసిటర్ అంటే ఏదో ఒకటి తెచ్చి పెట్టడం కాదు. సెరామిక్‌లో జాతులున్నాయి. సీ0జీ అనే రకం డిగ్రీకి పది లక్షల్లో 30 వంతులకు మించి మారదు. ఎక్స్7ఆర్ రకం దాని ఉష్ణోగ్రత హద్దుల మధ్య 15 శాతం దాకా అటూ ఇటూ అవుతుంది. వై5వీ అనే చవక రకం విలువలో 80 శాతానికి పైగా పోగొట్టుకోగలదు. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పైగా సెరామిక్ చిప్ కెపాసిటర్ మీద మామూలుగా అంకె కూడా ఉండదు. రెసిస్టర్ మీద 103 అని రాసి ఉంటే 10 కిలో ఓమ్‌లు అని చదువుకోవచ్చు, కెపాసిటర్ మాత్రం మూగది. టేపులోంచి తీసి బల్ల మీద పెట్టాక కలిసిపోయిందంటే మీటరు పెట్టి కొలవడమే గతి, కొలిచినా జాతి తెలియదు. సరఫరా లైను మీద ఎక్స్7ఆర్ పెడితే నష్టం లేదు. ఫిల్టర్‌లో, ఆసిలేటర్ దగ్గర సీ0జీ తప్ప మరొకటి పెట్టకూడదు. మే నెలలో రేకుల షెడ్డు కింద సెట్టు పెట్టుకుని మాట్లాడే మన ఊరి హ్యామ్‌కు ఈ తేడా చెవికే తెలిసిపోతుంది. ఉదయం పట్టిన స్టేషను మధ్యాహ్నానికి పక్కకు జరిగిపోతుంది.

చిన్నదే అయినా మరీ మెరుగైన భాగం క్వార్ట్జ్ క్రిస్టల్. మనిషి గొంతుకు కావాల్సిన రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కిటికీని 12 మెగాహెర్ట్జ్ దగ్గర తెరవాలంటే కాయిల్స్‌తో సాధ్యం కాదు, వాటి నష్టం అంత సన్నని కిటికీని నిలబెట్టనివ్వదు. కాయిల్ నాణ్యతాంకం (క్యూ) వందల్లో ఉంటే క్రిస్టల్‌ది వేలు దాటి పదివేలల్లో ఉంటుంది. బిట్‌ఎక్స్‌లో ఖరీదైన ఫిల్టర్ కొనలేదు. కంప్యూటర్ బోర్డుల కోసం లక్షల్లో తయారై కోఠి గుజరాతీ గల్లీలోనూ దొరికే మామూలు క్రిస్టల్స్‌ను వరసగా పెట్టి, మధ్యలో చిన్న కెపాసిటర్లు భూమికి దించితే ల్యాడర్ ఫిల్టర్ అయింది. ఇందులో శ్రమంతా ఏరడంలో ఉంది. ఒకే అంకె అచ్చయిన క్రిస్టల్స్ కూడా వందల హెర్ట్జ్ తేడాలో మోగుతాయి. ఒక్కోదాన్నీ ఆసిలేటర్‌లో పెట్టి కొలిచి, దగ్గరి జోళ్లను ఒక గుంపుగా కట్టాలి. ఏరకుండా పెడితే కిటికీ ఎగుడుదిగుడై, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

ఇప్పుడు ఆ రాగి ఉంగరాల దగ్గరికి వద్దాం.

ట్రాన్స్‌మిటర్ చివరి మెట్టులో ఐఆర్‌ఎఫ్510 అనే మాస్‌ఫెట్ ఉంటుంది. పవర్ సప్లయిల్లో స్విచ్చుగా వాడటానికి తయారైన చవక భాగాన్ని ఇక్కడ రేడియో పనికి దించారు. అది 7 మెగాహెర్ట్జ్ పంపమంటే దానితోపాటు 14, 21, 28 కూడా పంపుతుంది. హార్మోనిక్స్ అనే ఆ అదనపు మోతను కోసేయడానికి యాంటెన్నాకు ముందు కాయిల్స్, కెపాసిటర్లతో లో పాస్ ఫిల్టర్ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్ శక్తి మొత్తం ఆ కాయిల్స్ గుండానే వెళ్లాలి. 50 ఓమ్‌లలో 10 వాట్లంటే 0.45 ఆంపియర్ల కరెంటు, శిఖరం దగ్గర 0.63. నువ్వుగింజంత చిప్ కాయిల్‌లో ఫెర్రైట్ ఎంతని ఉంటుంది? ఆ కరెంటుకు దాని కోర్ సంతృప్తమై ఇండక్టెన్స్ కూలిపోతుంది. సిగ్నల్‌ను శుభ్రం చేయాల్సిన భాగమే కొత్త మురికి పుట్టిస్తుంది. సంతృప్తం కాకపోయినా, నాణ్యతాంకం 30 ఉన్న చిప్పులతో కట్టిన ఫిల్టర్ పది వాట్లలో దాదాపు ఒక వాటును తనలోనే వేడిగా మార్చేసుకుంటుంది. ఐరన్ పౌడర్ ఉంగరం మీద చుట్టిన కాయిల్ నాణ్యతాంకం 150 పైన ఉంటుంది, ఆ నష్టం అయిదో వంతుకు తగ్గుతుంది. పైగా ఉంగరంలో అయస్కాంత క్షేత్రం లోపలే తిరుగుతుంది. అందుకే మూడు కాయిల్స్ పక్కపక్కన నిలబడినా ఒకదాని సిగ్నల్ ఇంకోదానిలోకి దూకదు.

హ్యామ్‌లు తరచుగా వాడే టీ50-2 అనే ఎర్ర ఉంగరాన్నే తీసుకుందాం. బయటి వ్యాసం 12.7 మిల్లీమీటర్లు. ఎరుపు రంగు ఆ పౌడర్ రకానికి గుర్తు, పసుపైతే ఇంకో రకం. దాని మీద 16 చుట్లు వేస్తే 1.25 మైక్రోహెన్రీలు వస్తాయి. 15 వేస్తే 1.10. ఒక్క చుట్టు తప్పితే విలువలో ఎనిమిదో వంతు పోయింది. ఆ లెక్కలో పొరపాటుకు తావు ఎక్కువ. తీగ బెజ్జంలోంచి ఒక్కసారి దూరితే చాలు, అది ఒక చుట్టు. బయటి అంచు మీద చూసి లెక్కపెట్టినవాడికి ఒకటి తగ్గుతుంది, లోపలి అంచు మీదే లెక్కపెట్టాలి. చుట్లు ఉంగరం మీద సమంగా పరుచుకోవాలి. రెండు చివరల మధ్య కాస్త ఖాళీ వదలాలి, లేదంటే ఆ చివరలే ఒక చిన్న కెపాసిటర్ అవుతాయి. చుట్లను దగ్గరికి నొక్కితే విలువ కొంచెం పెరుగుతుంది, జరిపితే తగ్గుతుంది. మంచి పనివాళ్లు చివరి సవరణ వేలికొసతోనే చేస్తారు. ఆఖరున ఎనామిల్ గీకడం. రాగి తీగ మీది ఆ పూత పూర్తిగా పోకుండా టంకం పెడితే పైకి జాయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల కరెంటు పారదు. బోర్డు పని చేయకపోతే అనుభవం ఉన్నవాళ్లు ముందు అనుమానించేది దాన్నే.

మిక్సర్లలో వాడే ట్రాన్స్‌ఫార్మర్లకు ఇంకా ఓపిక కావాలి. మూడు తీగలను కలిపి సమంగా మెలిపెట్టి, ఆ మెలికను ఉంగరం చుట్టూ తిప్పి, ఆరు చివరలను విడదీసి, ఏది ఏ తీగదో మీటరుతో పట్టుకుని, ఒకదాని చివరను ఇంకోదాని మొదటికి కలపాలి. మూడూ ఒకే పొడవుండి, ఒకే బిగువుతో ఉంటేనే మిక్సర్ సమతూకంలో నిలుస్తుంది. ఆ సమతూకం మీదే ఎస్ఎస్‌బీలో క్యారియర్ (మాటను మోసే మూల తరంగం) అణగడం ఆధారపడి ఉంది.

ఈ ఉంగరాలు చుట్టింది హైదరాబాద్‌లో ఒక మహిళల బృందం. ఫర్హాన్ బోర్డులను అమ్మకానికి పెట్టినప్పుడు ఆ పని వాళ్లకు అప్పగించారు. డిజైన్ పేరు ఒకరిదైనా, వేల బోర్డుల్లోని లక్షల చుట్లు వాళ్ల వేళ్ల మీదుగా దాటాయి. ఏ దేశంలో ఏ హ్యామ్ ఆ సెట్టు మీద తొలి మాట మాట్లాడినా అది వాళ్లు లెక్క తప్పకుండా చుట్టిన కాయిల్ గుండానే వెళ్లింది. ఎలక్ట్రానిక్స్ చరిత్ర రాసేవాళ్లు ఇలాంటి చేతుల గురించి ఒక వాక్యం రాయడం కూడా అరుదు. అది సరికాదు.

2017 డిసెంబరులో వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్ ధర మొదట 109 డాలర్లు. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అన్ని హెచ్‌ఎఫ్ బ్యాండ్లూ అందులో ఉన్నాయి. ఇన్ని బ్యాండ్లుంటే పాత పద్ధతిలో ఒక్కోదానికి ఒక్కో బ్యాండ్ పాస్ ఫిల్టర్ కావాలి. అంటే ముందు ద్వారంలోనే గుట్టలకొద్దీ కాయిల్స్. ఫర్హాన్ వచ్చిన సిగ్నల్‌ను కిందికి దించకుండా ముందు 45 మెగాహెర్ట్జ్‌కు ఎత్తారు. దాంతో అసలు స్టేషనుతో కలిసి దూరే ఇమేజ్ సిగ్నల్ ఎక్కడో పైకి పోయింది. ముందు ద్వారంలో 30 మెగాహెర్ట్జ్ దగ్గర కోసే ఒకే ఒక్క లో పాస్ ఫిల్టర్ సరిపోయింది. ఆ తరవాత మొదటి వెర్షన్లలో 12 మెగాహెర్ట్జ్‌కు దించి క్రిస్టల్ ఫిల్టర్‌లో వడకట్టారు. ఇలా ఎత్తి దించడానికి మూడు ఆసిలేటర్లు కావాలి. ఆయన వాడిన ఎస్ఐ5351 అనే చిన్న చిప్‌కు సరిగ్గా మూడు అవుట్‌పుట్లు ఉంటాయి. ఒక్కటీ వృథా పోలేదు, ఒక్కటీ చాలకా పోలేదు. ఆసిలేటర్ కాయిల్, ట్యూనింగ్ కెపాసిటర్, వేడికి జరిగిపోయే ఆ బెడద అంతా ఒక్క చిప్‌తో తీరింది. ఇక్కడ కుదించాలి, కుదించారు.

కాయిల్స్ ఎంత బాగా చుట్టినా బోర్డు గీతల్లో ఒక చోట జారితే ఏమవుతుందో కూడా ఈ రేడియోనే నేర్పింది. బ్యాండు మార్చినప్పుడు తగిన లో పాస్ ఫిల్టర్‌ను రిలేలు కలుపుతాయి. తొలి వెర్షన్లలో కొన్ని బ్యాండ్ల మీద హార్మోనిక్స్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా బయటికి వస్తున్నాయని స్పెక్ట్రమ్ ఎనలైజర్లు ఉన్న హ్యామ్‌లు కొలిచి చెప్పారు. అమెరికా నియమం ప్రకారం అవి అసలు సిగ్నల్ కన్నా కనీసం 43 డెసిబెల్స్ కింద ఉండాలి, అంటే ఇరవై వేల వంతు. పది వాట్ల సెట్టు నుంచి అర మిల్లీవాటు. ఫిల్టర్ తన పని తాను చేస్తూనే ఉంది, హార్మోనిక్ మాత్రం ఫిల్టర్ గుండా పోకుండా రిలే చుట్టూ దొడ్డిదారి వెతుక్కుంది. లెక్క వేసి చూడండి. లోపలికి వచ్చే కొసకూ బయటికి పోయే కొసకూ మధ్య ఒక్క పికోఫారడ్ లీకు ఉన్నా, 28 మెగాహెర్ట్జ్ దగ్గర అది 5.7 కిలో ఓమ్‌లతో సమానం. 50 ఓమ్‌ల లైన్ల మధ్య అంత దారి దొరికిందంటే, కాయిల్స్ ఎంత గొప్పవైనా ఆ ఫిల్టర్ 35 డెసిబెల్స్‌కు మించి అడ్డుకోలేదు. ఒక్క పికోఫారడ్ ఏ దుకాణంలోనూ కొనక్కర్లేదు, రెండు రాగి గీతలు పక్కపక్కన నడిస్తే వచ్చేస్తుంది. 2019లో వచ్చిన ఐదో వెర్షన్‌లో రిలేల అమరిక మార్చి ఆ దొడ్డిదారి మూసేశారు. లోపాన్ని దాచకుండా అందరి ముందూ మాట్లాడి, కొలతలు పంపినవాళ్ల సాయంతోనే సరిచేయడం ఈ పనితనంలో భాగమే. సర్క్యూట్ మొదటి నుంచీ అందరికీ తెరిచి ఉంచడం వల్లే అది కుదిరింది.

మరి ఫోన్లలో ఉంగరాలు ఎందుకు కనిపించవు? ఫ్రీక్వెన్సీ వల్ల. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 50 ఓమ్‌ల రియాక్టెన్స్ కావాలంటే 1.14 మైక్రోహెన్రీల కాయిల్ కావాలి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 3.3 నానోహెన్రీలు చాలు, అంటే మూడు మిల్లీమీటర్ల తీగ. దాన్ని చుట్టక్కర్లేదు, సెరామిక్ పొరల మధ్య అచ్చు వేసేయొచ్చు. ఎల్‌టీసీసీ అనే పద్ధతిలో చేసేది అదే. పచ్చి సెరామిక్ పలకల మీద వెండి గీతలు అచ్చువేసి, పొరలుగా పేర్చి, కాల్చి, కాయిల్స్‌నూ కెపాసిటర్లనూ ఒకే ముద్దలో కలిపేస్తారు. ఫిల్టర్ల పనిని పలచని స్ఫటికం మీద శబ్ద తరంగాలను నడిపే సా ఫిల్టర్లు చేస్తాయి. ఒక స్మార్ట్‌ఫోన్‌లో సెరామిక్ కెపాసిటర్లే వెయ్యి దాకా ఉంటాయి. అదంతా గొప్ప విద్యే. కానీ అదే విద్యను అలాగే తెచ్చి 7 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ మీద రుద్దితే పని జరగదు. పొడవాటి తరంగానికి దాని పొడవుకు తగ్గ తీగ కావాలి, తగ్గ లోహం కావాలి. ఈ తేడా తెలిసి గీత గీసిన బోర్డు కాబట్టే మైక్రో బిట్‌ఎక్స్ ముందు ఇంతసేపు ఆగాను.

బోర్డు విశాలంగా ఉండటం కూడా కావాలని చేసిందే. బిట్‌ఎక్స్40ని ఇంకా చిన్న ముక్కలతో అరచేతిలో పట్టేలా చేయొచ్చు. అలా చేస్తే కొన్నవాడు మూత బిగించి వాడుకోవడం తప్ప ఏమీ చేయలేడు. మామూలు సోల్డరింగ్ ఐరన్ ఉన్న కుర్రవాడు కూడా ఒక కెపాసిటర్ తీసి ఇంకోటి పెట్టి, ఏం మారిందో విని తెలుసుకునేలా దీన్ని గీశారు. ఎంతోమంది మార్చారు కూడా. మీటరు కలిపారు, మోర్స్ కోడ్ కలిపారు, కొత్త ప్రోగ్రాములు రాశారు. 2022లో ఫర్హాన్ రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌తో నడిచే ఎస్‌బిట్‌ఎక్స్ తెచ్చారు. ఆ ఏడాదే డేలైట్ ఎగైన్ అనే పూర్తి అనలాగ్ రేడియోను కూడా చేతితో కట్టి చూపించారు. కొత్తది తెలిసిన చేయి పాతదాన్ని వదిలేయకపోవడం నాకు నచ్చింది.

ఈ నగరంలో హ్యామ్ రేడియోకు పునాది ముందే ఉంది. జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నియార్ 1983లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం అక్కడ ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు పోయిన ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది వాళ్ల హెచ్‌ఎఫ్ రేడియోలే. అలాంటి సమయంలో టవరూ ఇంటర్నెట్టూ లేకుండా, ఒక తీగ కట్టి బ్యాటరీ మీద నడిపి, పాడైతే దగ్గరున్నవాడే బాగుచేసుకోగల సెట్టు ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు నాదొక మాట. మైక్రో బిట్‌ఎక్స్ సర్క్యూట్ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. దాన్ని అచ్చు వేసుకుని, ఏ కెపాసిటర్ ఎందుకు అక్కడుందో ఒక్కోటి అడుగుతూ చదవండి. ప్రసారం చేయాలంటే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. కాయిల్ చుట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక ఉంగరం, అర మీటరు ఎనామిల్ తీగ తెచ్చుకుని ఈ వారమే మొదలుపెట్టండి. చుట్లు మాత్రం లోపలి అంచు మీదే లెక్కపెట్టండి.